టైపక్క కంప్యూటర్లో దూరినవాడు

బస్‌స్టాండు వెనక సందులో, మెట్ల కింద గదిలో దరఖాస్తులు నింపిపెట్టే ఆవిడను అందరూ టైపక్క అనేవారు. పదిహేడేళ్లుగా అదే గది. మొదట టైపు మిషను, తర్వాత కంప్యూటరు. చదువు రానివాళ్లకు ఆవిడ చెయ్యి కావాలి, వచ్చినవాళ్లకు ఆవిడ ఓపిక కావాలి. "పాస్‌వర్డు నాకెక్కడ గుర్తుంటుందక్కా, నీ దగ్గరే ఉండనీ" అనేవాళ్లు. బ్రౌజరు కూడా గుర్తుపెట్టుకోమంటారా అని అడిగేది. ఆవిడ సరే అని నొక్కేది. అలా అరవై మంది తాళంచెవులు ఆ ఒక్క కంప్యూటర్లో చేరాయి.

ఒక సోమవారం పొద్దున బ్రౌజరు తెరిస్తే రోజూ వచ్చే పేజీ రాలేదు. ఎన్నడూ చూడని పేజీ ఏదో వచ్చింది. చుట్టూ బరువు తగ్గించే మాత్రల ప్రకటనలు. మళ్లీ పాత పేజీనే పెట్టింది. మూసి తెరిస్తే మళ్లీ అదే. పింఛను ఆఫీసు పేజీ కోసం వెతికితే లాటరీ పేజీ తెరుచుకుంది. ఒక్కసారి నొక్కితే మూడు కిటికీలు! తన చేతి కింద ఇంకెవరిదో చెయ్యి ఉన్నట్టు అనిపించి, మౌస్ వదిలేసి అరచేతులు చీరకు తుడుచుకుంది.

మంగళవారం మధ్యాహ్నం తెర అంతా ఎర్రబడింది. "మీ కంప్యూటర్లో పదమూడు వైరస్‌లు! వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి!" స్పీకర్లోంచి సైరన్. బెంచీ మీద కూర్చున్న నలుగురూ లేచి నిలబడ్డారు. టైపక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. తన ఫోన్ తీసి ఆ నంబరు నొక్కింది.

"భయపడకండమ్మా, మేం ఉన్నాంగా" అంది అవతలి గొంతు, తేనె పూసినట్టు. "నేను చెప్పినట్టు నొక్కండి. లోపలికి నేనొచ్చి చూస్తాను."

మొదటి బటన్ మీద వేలు పెట్టబోతుండగా ఆ గొంతు ఇంకో మాట అడిగింది.

"మీ పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా?"

సాయం చేసేవాడికి పక్కన ఎవరుంటే ఏమని ఆవిడకు అనుమానం తగిలింది. ఫోన్ పెట్టేసి, ప్లగ్గు పీకేసి, బెంచీ మీదివాళ్లను రేపు రమ్మని షట్టరు దించేసింది.

మరిది కాలేజీలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. కబురు పెడితే సాయంత్రం వచ్చి, ముందు ఇంటర్నెట్ తీగ లాగేశాడు. గంటసేపు లోపలివన్నీ ఒక్కొక్కటే వెతికాడు.

"వదినా, పోయిన వారం ఏమైనా ఎక్కించావా?"

"అక్షరాలు మార్చే సాఫ్ట్‌వేర్. ఇంటర్నెట్లో ఊరికే ఇచ్చారు. నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కాను."

"దాని చంకనెక్కి ఇంకో మూడు వచ్చాయి. నిన్ను అడగలేదు, నీకు చెప్పలేదు. రెండేమో ప్రకటనలు చూపించేవి. వాటిని తీసేశాను. మూడోది..." అంటూ తెర ఆవిడవైపు తిప్పాడు. "మూడోదాన్నీ పీకేశాను, కానీ అది దాచిన పాస్‌వర్డులు చదివేది."

"పోయాయా?"

"చెప్పలేను. పోయాయనే అనుకో."

ఇంట్లో భర్త అన్నం ముందు కూర్చుని, "నోరు మెదపకు. నీ వల్లనే అని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. ఆయనదీ భయమే. ఆవిడ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది. ఒక్కొక్కరి మొహమూ కళ్ల ముందు తిరిగింది. వాళ్ల పుట్టిన తేదీలు కూడా ఆవిడకు కంఠస్థం. ఇప్పుడు అవన్నీ ఇంకెవడికో తెలుసు. వాడెవడో, ఏ గదిలో కూర్చున్నాడో?

ఆ మోసగాడితో మాట్లాడిన తన ఫోన్ మీద నమ్మకం పోయి, బుధవారం పొద్దున్నే మరిది ఫోన్ అడిగి తీసుకుంది. వచ్చేవాళ్ల పేర్లు రాసుకున్న రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరికే ఫోన్ చేయసాగింది. నాలుగో పేరు ఆసుపత్రి నర్సుది.

"అమ్మా, నా వల్ల ఒక తప్పు జరిగింది" అని మొదలుపెట్టిందో లేదో, అవతల నర్సు భోరుమంది. "నిన్నటి నుంచీ నా పేరుతో అందరికీ మెయిళ్లు పోతున్నాయక్కా! ఆపదలో ఉన్నాను, ఈ లింకు తెరవండి అని. మా పెద్ద డాక్టరు గారికి కూడా పోయింది. నాకే మతి పోయిందేమో అనుకుంటున్నా."

టైపక్క రిజిస్టర్లో ఆ పేరు చుట్టూ గీత గీసింది. అయితే పాస్‌వర్డులు పోయినట్టే.

ఏడవడానికి తీరిక లేదు. మరిది చెప్పినట్టు నర్సు చేత ఫోన్లోనే పాస్‌వర్డు మార్పించింది. మెయిలు అందినవాళ్లకు ఆ లింకు ముట్టుకోవద్దని చెప్పమంది. సాయంత్రానికి నలభై ఒక్కమంది ఫోన్లో దొరికారు. దొరకనివాళ్ల ఇళ్లకు నడిచి వెళ్లింది. డ్రాయింగు మాస్టారు గుమ్మంలోనే నిలబెట్టి, "నిన్ను నమ్మడమే నా బుద్ధి తక్కువ" అని తలుపు వేసేశాడు. తాపీమేస్త్రీ మాత్రం సిమెంటు చేతులు దులుపుకుంటూ, "తిట్టుకోవడం తర్వాత చూద్దాం. ఇప్పుడు ఏం నొక్కాలో చెప్పక్కా" అన్నాడు.

శుక్రవారానికి, తలుపు వేసుకున్న మాస్టారు సొంతంగా మార్చుకున్నదీ కలిపి, అరవై తాళాలూ మారాయి. నర్సు కాక మరో ఇద్దరి పేరు మీద అలాంటి మెయిళ్లే వెళ్లాయని తేలింది. అంతకుమించి నష్టం ఇప్పటికైతే బయటపడలేదు. పద్దెనిమిది మంది మళ్లీ ఆ మెట్ల కిందికి రాలేదు. వాళ్లను ఆవిడ ఒక్క మాట అనలేదు. మిగిలినవాళ్లు వస్తున్నారు. పాస్‌వర్డు కొట్టాల్సి వచ్చినప్పుడు ఆవిడ కుర్చీలోంచి లేచి, వాళ్లనే కూర్చోబెట్టి, గోడవైపు తిరిగి నిలబడుతుంది.