మిరప కళ్లంలో ఫ్లెక్సీ

మా వెల్దుర్తి సెంటర్లో ఆ కబడ్డీ ఆటగాడికి ఫ్లెక్సీ కట్టింది మేమే. పక్క ఊరి కుర్రోడు, టీవీలో వచ్చే లీగులో ఆడతాడు. గెలిచినన్నాళ్లూ ఊళ్లో అందరికీ అతనితో చుట్టరికం ఉండేది.

ఒకరోజు పొద్దున్నే ఫోన్లలో వార్త వచ్చింది. తాగి కారుతో ఆటోని గుద్ది, పైగా దిగి ఆటో ఆయన తల పగలగొట్టాడని హైదరాబాదులో పోలీసులు పట్టుకుపోయారంట. చేతిలో టీ చల్లారకముందే చుట్టరికం తెగిపోయింది.

"అసలు వాడిది మన పల్నాడే కాదురా" అన్నాడు మా వీధి బాబాయి. ఫ్లెక్సీలో ఆటగాడి కాళ్ల దగ్గర తన ఫొటో కూడా వేయించుకున్నది ఆయనే.

ఫ్లెక్సీ ఊడదీసి, మంచు పడకుండా ఆయన కళ్లంలో మిర్చి మీద కప్పాం. "మొకం కిందికి ఎయ్యండి, చూళ్లేకపోతన్నా" అన్నాడు. ఆయన మొకం కూడా అందులోనే ఉందని ఎవరం గుర్తుచెయ్యలా.

పది రోజులకి బెయిలొచ్చింది. రాగానే ఆడిన మ్యాచ్‌లో ఒక్క రెయిడ్‌కే ముగ్గుర్ని అవుట్ చేశాడు. మర్నాడు వెళ్తే బాబాయి కళ్లంలో సబ్బుపెట్టి ఫ్లెక్సీ కడుగుతున్నాడు.

"ఇదేంది బాబాయ్?" అన్నాను.

"ఆ ఆటోవోడు మాత్రం ఊరుకున్నాడంటావా? ఏదో అనే ఉంటాడు."

మబ్బు పట్టింది, మిర్చి మీద ఏమీ లేదు. అయినా ముందు ఫ్లెక్సీ కట్టాల్సిందే అన్నాడు.

సాయంత్రం వానకి మిర్చంతా తడిసిపోతే ఊరంతా వెళ్లి బాబాయిని పరామర్శించాం. ఆటో ఆయన బతికాడో లేదో మాత్రం ఇప్పటిదాకా ఒక్కరం కూడా అడగలేదు. ఫ్లెక్సీ మళ్లీ కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకున్నది నేనే.