నాన్న కోపం మోతికి ముందే తెలిసేది

మా చిన్నప్పుడు... పొద్దున్నే చేలోంచి తిరిగొచ్చే నాన్న సైకిల్ చప్పుడు వినపడగానే మేం నాన్నను చూసేవాళ్లం కాదు. మా కుక్క మోతిని చూసేవాళ్లం.

దమ్మపేట దగ్గర, అడవిని ఆనుకుని ఉండేది మా ఊరు. కొత్తగా విత్తిన పల్లి గింజల్ని అడవిపందులు తవ్వుకుని తినేవి. అందుకని నాన్న రాత్రుళ్లు మంచె మీద కాపలా ఉండేవాడు. పందులు పడిన రోజు ఆయనతో మాట్లాడటం కష్టం. పోనీ మొహం చూసి తెలుసుకుందామంటే... అది ఎప్పుడూ ఒకేలా ఉండేది.

మోతికి మాత్రం ఎలాగో తెలిసిపోయేది. మంచి రోజైతే తడక దాకా ఎదురెళ్లి సైకిల్ చుట్టూ గంతులు వేసేది. లేదంటే తోక ముడుచుకుని నీళ్ల గోలెం చాటుకు పోయేది. కూర మాడిన సంగతి చెప్పాలో వద్దో అమ్మ కూడా దాన్ని చూశాకే తేల్చుకునేది...

నేను పదో తరగతి పాసైన ఏడాది... ఖమ్మంలో అత్త వాళ్లింట్లో ఉండి ఇంటర్ చదవాలని నా ఆశ. నాన్న ఒప్పుకుంటేనే.

"ఆగమాగం కాకు. మోతి ఎదురుపోయిన నాడు అడుగు" అంది అమ్మ.

ఆ వారమంతా మోతి గోలెం చాటునే ఉంది.

"నువ్వు ఖమ్మం పోవుడు దానికి ఇష్టం లేదక్కా. పెరుగన్నం ఎవరు పెడతరు మరి?" అని తమ్ముడి ఎగతాళి.

కాలేజీలో చేరడానికి ఇక ఒక్క రోజే మిగిలింది. ఆ పొద్దున కూడా సైకిల్ చప్పుడు... మోతి చాటుకు పోవడం... వద్దన్నట్టు అమ్మ కళ్లతోనే సైగ చేసింది.

నాన్న కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి మోతి తనంతట తానే బయటికొచ్చి, మెల్లగా వెళ్లి, ఆయన మోకాలికి ఆనుకుని కూర్చుంది. అంతకు ముందెప్పుడూ అలా చేయలేదు. నాన్న దాని తల మీద చెయ్యి వేశాడు... తియ్యలేదు.

"ఇదేందక్కా? గిట్ల కూసుంటే అడగాల్నా, వద్దా?" తమ్ముడు నా చెవిలో గొణిగాడు.

నాకూ తెలియలేదు. అయినా అడిగేశాను.

"చేనంత తవ్విపోయినయి" అన్నాడు నాన్న, అమ్మతో. తర్వాత నా వైపు తిరిగాడు.

"నువ్వన్నా పోయి సదువుకో బిడ్డా. బట్టలు సర్దుకో. రేపు మొదటి బస్సుకే పోదాం."

చాలా ఏళ్ల తర్వాత, మేం మోతిని చూసి ఆయన కోపం కనిపెట్టేవాళ్లమని చెబితే నాన్న నవ్వాడు.

"దానికేం తెలుసు? అది పోయి దాసుకుంటే, కుక్క గూడ భయపడేటట్టు ఉన్ననా అని నేనే సల్లబడేటోణ్ణి" అన్నాడు.

మరి ఆ రోజు దగ్గరికెందుకొచ్చింది? ఆయన బాధ తెలిసి వచ్చిందా... ఊరికే వచ్చిందా... తెలిసే వచ్చిందని నమ్మాలని ఉంటుంది నాకు. పూర్తిగా నమ్మకం మాత్రం కుదరదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరి తాళంచెవి వాళ్లదే. వచ్చినవాళ్లు వచ్చినట్టే గదుల్లోకి వెళ్లిపోతారు. ఎవరు ఏ మనసుతో వచ్చారో తెలిసేసరికి ఆ రోజు కాస్తా అయిపోతుంది...

మీ ఇంట్లో ఉండేవారా ఎవరైనా... మనిషో, కుక్కో... ఏమైందని అడక్కుండానే వచ్చి ఆనుకుని కూర్చునేవాళ్లు?