సుగుణక్క భూతద్దం కింద గ్రాఫు

ప్రింటర్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితం వెచ్చగా చేతికి తగిలితే చాలు, నాకు సుగుణక్క గుర్తుకొస్తుంది. జగిత్యాలలో ఆమెకు పుస్తకాల పేజీలు అచ్చుకు సిద్ధం చేసే చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. పుట్టి పెరిగింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య. బట్టలో పోగులు చూసుకోవడానికి వాళ్ల నాన్న వాడిన చిన్న భూతద్దం ఆమె టేబుల్ మీద ఉండేది. ఏ పేజీనైనా దాని కింద పెట్టి చూడకుండా బయటికి పంపేది కాదు. మెచ్చుకోవడంలో మాత్రం మహా పిసినారి.

డిగ్రీ అయ్యాక మల్లాపూర్ నుంచి పని కోసం వచ్చిన నన్ను ఆమె వెంటనే పెట్టుకోలేదు. కోరుట్ల లెక్చరర్ ఒకాయన రాసిన గణితం పుస్తకం చేతికిచ్చి, దీని పేజీలు సరిగ్గా తయారుచేస్తేనే ఉద్యోగమంది. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఆ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉన్నంత సంతోషం నాకు ఇంకెక్కడా లేదు. లెక్కల సాఫ్ట్‌వేర్‌లో సమీకరణం కొట్టగానే తెర మీద గీత వంపులు తిరిగేది, ఒకటి ఎర్రగా, ఇంకొకటి నీలంగా. మురిసిపోయి అన్నింటికీ స్క్రీన్‌షాట్లు తీసి, పేజీల్లో అతికించి, ఖాళీ కనిపించిన చోటల్లా మూల పట్టి సాగదీశాను.

అక్క ప్రింటు తీసి భూతద్దం పెట్టింది. వృత్తం కోడిగుడ్డయింది. అంచంతా మెట్లు మెట్లుగా ఉంది. పుస్తకం నలుపు తెలుపులోనే కాబట్టి ఎర్ర గీతా నీలం గీతా ఒకే బూడిద రంగులో కలిసిపోయాయి. నా ప్రాణం ఉసూరుమంది. అక్క మాత్రం కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆమెను చూసి చివరికి నాకూ నవ్వొచ్చింది.

"కుట్టినంక గుంజితే అంగి పెద్దగైతదా బిడ్డా? కొలత ముందే తీసుకోవాలె," అంది.

ఆ మధ్యాహ్నం కుర్చీ పక్కకు లాక్కొని నేర్పింది. పేజీలో జాగా ఎంతుందో కొలిచి, సాఫ్ట్‌వేర్‌కు ఆ కొలతే చెప్పాలి. బొమ్మను చుక్కలుగా కాక గీతలుగానే పీడీఎఫ్‌లో దాచుకోవాలి, అప్పుడు అంచు చెదరదు. గ్రాఫులోని అంకెలు పుస్తకంలోని అక్షరాల్లాగే ఉండాలి. రంగులకు బదులు ఒక గీత నిండుగా, ఇంకొకటి తెగితెగి రావాలి.

అన్నీ మొదటినుంచి గీసి, ప్రింట్లు పట్టుకొని ఇద్దరం కోరుట్ల బస్సెక్కాం. లెక్చరర్ గారు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, వంపు వెంబడి నెమ్మదిగా వేలు పోనిచ్చారు.

"నేను బోర్డు మీద గీసినా గింత మంచిగ రాదు. ఎవరు చేసిండ్రు?" అన్నారు.

అక్క నన్ను చూపించింది. తిరుగు బస్సులో ఉద్యోగం సంగతి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. జగిత్యాల బస్టాండులో దిగి, సంచి సర్దుకుంటూ అక్క అంది:

"రేపు జల్ది రా. ఇంకో పుస్తకం ఒచ్చింది."

ఇప్పుడు అక్క పని మానుకొని సిరిసిల్లలో హాయిగా ఉంది. సెంటర్ నేను నడుపుతున్నాను. భూతద్దం మాత్రం ఆమె తనతోనే తీసుకెళ్లింది, నేనొకటి కొనుక్కున్నాను. దాని కింద వృత్తం వృత్తంలాగే కనిపించిన రోజు, షట్టర్ దించుతూ నాకు నేనే చెప్పుకుంటాను, రేపు జల్ది రా అని.