మా నాన్న జెండా పట్టిన విమానం

ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాను. శ్మశానం గోడ పక్కనున్న బడిలో కూడా పనిచేశాను. దయ్యాలని ఎవరైనా అంటే నవ్వేసేదాన్ని. ఇది మాత్రం పోయిన సార్వాలో, అంటే వానాకాలం పంటప్పుడు, రామచంద్రపురం దగ్గర మా పొలంలో, పట్టపగలు జరిగింది.

ముందు ఆ విమానం గురించి చెప్పాలి. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మా వైపు వరిచేలకు విమానంతో పురుగుమందు కొట్టించేవారు. అప్పటికే అది ముసలిది. పైన ఒక జత రెక్కలు, కింద ఒక జత. వాటికి రేకు కాదు, రంగు పూసిన గుడ్డ. ఒకప్పుడు దాని మీద కుర్రాళ్లకు విమానం నడపడం నేర్పేవారట. తర్వాత ముందు సీటు పీకేసి మందు ట్యాంకు పెట్టారు. గుడ్డ నిండా అతుకులే. అయినా రోజూ తెల్లవారేసరికి కొబ్బరిచెట్లు దాటి వచ్చి, చేలను రాసుకుంటున్నట్టు ఎగిరేది.

మందు ఏ వరసలో పడాలో చూపించడానికి కింద ఒక మనిషి తెల్లజెండా పట్టుకుని నిలబడాలి. ఆ పని మా నాన్నది. విమానం దాటగానే అడుగులు లెక్కపెట్టుకుంటూ పక్కకి జరిగి మళ్లీ జెండా ఎత్తేవాడు. ఎదురుగా కరెంటు తీగ ఉంటే జెండాను అడ్డంగా ఊపాలి. పైకి లేపమని గుర్తు. మందు మీద పడకుండా గోనెసంచి కప్పుకుని, ముక్కుకి తువ్వాలు కట్టుకునేవాడు. చివరి వరస అయ్యాక పైలట్ గారు నాన్న కోసం రెక్కలు అటూ ఇటూ ఊపి వెళ్లేవారు.

ఆ రోజుల్లో నాన్న ఇంటిపట్టున ఉండేవాడు కాదు. ఒక్కరోజైనా నా దగ్గర ఉంటాడని, ఒక ఉదయం పొయ్యి ముందు కూర్చుని నుదురు వెచ్చబెట్టుకుని, దుప్పటి కప్పుకుని మూలిగాను. నాన్న నా నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు. ఆ రోజు పనికి వెళ్లకుండా ఆగిపోయాడు.

ఆయన బదులు వెళ్లిన మనిషికి, ఆ వారమే లాగిన కొత్త తీగ సంగతి తెలియదు. విమానం చక్రం తీగకు తగులుకుంది. మేం పరుగెత్తుకెళ్లేసరికి కాలవలో ఒక రెక్క తేలుతోంది, నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. పైలట్ గారు బతకలేదు. మిగిలిన ముక్కలను ఎడ్లబళ్ల మీద తీసుకుపోయారు. మా వైపు మళ్లీ విమానం రాలేదు.

"నేనుంటే పైకి లేపించేవాణ్ణమ్మా" అని నాన్న ముసలితనంలో కూడా అనేవాడు. నేను అన్నం వడ్డిస్తూనో, మందులు ఇస్తూనో వినేదాన్ని. నాకు జ్వరం లేదన్న మాట ఒక్కసారీ నోటికి రాలేదు. మూడేళ్ల క్రితం ఆయన పోయాడు.

పోయిన సార్వాలో చేనుకి డ్రోన్‌తో మందు కొట్టించాను. నడిపేది సుజాత అని, పక్క ఊరి అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. నేను ఆమె పక్కనే నిలబడ్డాను. సగం చేనయ్యాక ఉన్నట్టుండి డ్రోన్ దించేసింది.

"ఆ గట్టు మీద పెద్దాయనెవరండీ? జెండా అడ్డంగా ఊపుతున్నారు. తగులుతుందేమోనని దించేశానండి" అంది.

గట్టు మీద ఎవరూ లేరు.

"ఎలా ఉన్నాడమ్మా?"

"గోనెసంచి కప్పుకున్నారండి. ముక్కుకి తువ్వాలు."

 ఇద్దరం అక్కడికి నడిచాం. చేపల చెరువు మోటారుకి ఎవరో కొత్తగా లాగిన తీగ, సరిగ్గా డ్రోన్ ఎగిరే ఎత్తులో, గట్టుకి అడ్డంగా వేలాడుతోంది. గట్టు మీద బురదలో అడుగుల జాడ లేదు. డ్రోన్ కెమెరాలో చూస్తే చేను, గట్టు, చెరువు. అంతే. నాన్నను ఆమె ఎన్నడూ చూడలేదు. ఆయన జెండా పని గురించి నేను ఆమెకు చెప్పనూ లేదు.

"ఆయన మీకు తెలుసాండీ?" అని అడిగింది.

ఆ గట్టు మీదే కూర్చుని, యాభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని ఆ జ్వరం సంగతి ఆమెకు చెప్పాను. అంతా విని, "అప్పుడు మీరు చిన్నపిల్లండి" అంది. మంచి మాటే. కానీ అది నాకు రావలసింది ఆమె దగ్గర నుంచి కాదు.

ఆ రోజు జరిగినది ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ముక్కూ మొహం తెలియని సుజాతకు కనిపించినవాడు, పక్కనే నిలబడ్డ నాకు ఎందుకు కనిపించలేదో మాత్రం రోజూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.