మొదటి బెంచీ మీద గొడుగు

మా ముత్తాతగారు గుంటూరు వైపు తాసీల్దారు. తాతగారు హైదరాబాదులో మిషన్ స్కూలు హెడ్మాస్టరు, చర్చికి పెద్ద. ఆయన వరండాలోకి వస్తే మేష్టర్లు కూడా సిగరెట్లు దాచేవారట. ఆ రోజుల్లో, అంటే అమీర్‌పేటలో ప్రతి గోడా జావా నేర్పిస్తానని పిలిచే రోజుల్లో, సోమాజిగూడ ఇల్లు ఎప్పుడో చేజారి, ఆ వంశంలో మిగిలింది నేనూ, నాయనమ్మా, తాతగారి వెండి పిడి గొడుగూ. శ్రీనగర్ కాలనీలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. (ఉద్యోగమంటే మా వంశానికి తక్కువ, 'విద్యాదానం' అనేవాణ్ణి.) వాన ఉన్నా లేకపోయినా గొడుగు నా చేతిలో ఉండాల్సిందే. ఆదివారం చర్చిలో దాన్ని మొదటి బెంచీ చివర తగిలిస్తే ఆ చోటు మాదని అర్థం.

ఒక సోమవారం క్లాసులు అయ్యాక చూస్తే గొడుగు లేదు. పొద్దున గేటు పక్కన ఆనించడం కళ్లకు కట్టినట్టు గుర్తు. గేటు దగ్గర ఉండేది బోరబండ నుంచి వచ్చే వాచ్‌మన్. అందరం చాచా అనేవాళ్లం.

"అల్లా కసమ్ సార్, నేను తియ్యలే. పొద్దున మీరు ఖాళీ చేతులతోనే వచ్చిండ్రు," అన్నాడు.

తాసీల్దారు మునిమనవడు ఖాళీ చేతులతో రావడమా! గొడుగు పోయినదానికంటే ఆ మాటకే ఎక్కువ మండింది. "మా ఇంట్లో అబద్ధం ఆడినవాడు లేడు," అని ఓనరుతో నిటారుగా నిలబడి చెప్పాను. చాచాను ఆ సాయంత్రమే పంపించేశారు.

తర్వాతి ఆదివారం చర్చిలో అడుగుపెడితే, గొడుగు మొదటి బెంచీ చివర వేలాడుతూ మా చోటు కాపలా కాస్తోంది. ముందు వారం నేనే తగిలించి మరిచిపోయాను. హెడ్మాస్టరుగారి గొడుగని ఊడ్చేవాళ్లు కూడా ముట్టుకోలేదట. ఆ రోజు పాస్టరు అయ్యగారి ప్రసంగం న్యాయం, కనికరం, దీనమనసు గురించి. ఆయన నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు. నాకు మాత్రం నన్ను తప్ప ఎవర్నీ చూడనట్టే ఉంది.

"చాచాకు బియ్యం, నాన్నగారి కోటు తీసుకెళ్లి ఇచ్చొస్తాను," అన్నాను ఇంటికొచ్చి.

"ఇవ్వడం మన ఇంట్లో అందరికీ వచ్చురా. తప్పయిందని చెప్పడమే మీ తాతగారికీ రాలేదు," అంది నాయనమ్మ.

అయినా బియ్యం సంచీతోనే బోరబండ వెళ్లాను. చాచా గడప దగ్గరే ఆపాడు. "బియ్యం వద్దు సార్. గల్లీల నా బిడ్డను దొంగ కూతురంటున్నరు. గేటు కాడ, అందరి ముంగట, నేను తియ్యలేదని ఒక్క మాట చెప్పుండ్రి. చాలు."

సోమవారం పొద్దున ఓనరుకు సంగతి చెప్పి, చాచాను రప్పించి, గేటు దగ్గర నలభై మంది ముందు గొంతు సవరించుకున్నాను. "మా ముత్తాతగారు తాసీల్దారు..." అని మొదలుపెట్టాను.

"సార్, గొడుగు సంగతికి రండి. బ్యాచ్ ఆగింది," అన్నాడు ఓనరు.

"గొడుగు నేనే చర్చిలో మరిచిపోయాను. చాచా దొంగ కాదు. తప్పు నాది."

వెనక నుంచి మా స్టూడెంటు ఒకడు, "సార్, జర గదే ఇంగ్లిష్‌ల సుత చెప్పుండ్రి, రాసుకుంటం," అన్నాడు. (వాడు వెటకారం చేయలేదు. ఇంటర్వ్యూ దగ్గర పడింది.) చెప్పాను. ఉచ్చారణ కోసం మూడుసార్లు చెప్పించాను. మూడోసారికి నలభై మందీ నాతో కలిసి తప్పు తమదేనని ఒప్పుకున్నారు. చాచా తన స్టూలు దులుపుకుని కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి నేను ఇంటికి బయల్దేరుతుంటే, "సార్, గొడుగు?" అనేవాడు. పైకెత్తి చూపించేవాణ్ణి. అప్పుడే గేటు తీసేవాడు. (చర్చిలో మళ్లీ తగిలించలేదు. మొదటి బెంచీలో ఆ చోటు మాత్రం అలవాటు కొద్దీ చాలా వారాలు ఖాళీగానే ఉండిపోయింది.)

ఇప్పుడు ఆ సెంటర్ లేదు, చాచా ఎక్కడున్నాడో తెలియదు. ఆ దారిన వెళ్తున్నప్పుడు, గేటు ఉండిన చోటికి రాగానే, ఈ వయసులోనూ నా ఖాళీ చెయ్యి కొంచెం పైకి లేస్తుంది. ఎవరైనా చూశారేమోనని తల నిమురుకుంటాను.

నాయనమ్మ ఆపరేషన్ ఏడాది, గొడుగు వెండి పిడి పంజాగుట్టలో అమ్మేశాం.