మూడు మడతల గౌను

మా తమారక్క మనిషిని ఒక్కసారి చూస్తే చాలు, కొలత చెప్పేసేది. జార్జియాలో మా దొర పత్తిపొలాల్లో బానిసలం నూట ఇరవై మందిమి. అందరి ఒంటి మీదా ఆమె కుట్టిన బట్టలే. నేను ఆ కుట్టుగదిలోనే పక్కన కూర్చుని నూలు వడికేదాన్ని.

మాకు ఏడాదికి ఒక్క జత, అదీ ముతక గుడ్డ. గదిలోకి పూలగుడ్డ వచ్చిందంటే మాత్రం మా గుండెలు జారిపోయేవి. సంతకు అమ్మకానికి తోలే బానిసలకే పూలగుడ్డ. అమ్మే ముందు గిత్తకు కూడా అంత ముస్తాబు చెయ్యరు, పాడు మనుషులు!

ముందే తెలిస్తే పారిపోతామని పేర్లు చెప్పేవారు కాదు. కొలతకు ముడివేసిన దారాలు మాత్రం దొరసాని తెచ్చిచ్చేది. ఆ ఏడు పత్తి విరగకాసింది. కాస్తే మాకేం ఒరిగింది? దొర కన్ను ఏటి అవతలి పొలం మీద పడింది. అది కొనాలంటే మమ్మల్ని అమ్మాలి.

మూడో దారం అందుకోగానే తమారక్క చేతులు ఆగిపోయాయి.

"ఇది మా లెటీదే," అంది. లెటీ ఆమెకు ఒక్కగానొక్క కూతురు, తొమ్మిదేళ్ళది.

"పొరపడ్డావేమో అక్కా?"

"నా పిల్ల కొలత నాకు తెలీదటే?"

పరుగున వెళ్ళి దొరసాని కాళ్ళమీద పడింది. "ఏడుపు ఆపి శనివారానికల్లా కుట్టు," అందట ఆ మహాతల్లి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "తగలబెట్టక్కా ఆ గుడ్డ! గౌను లేకుండా ఎలా తోలతారో చూద్దాం."

"చింకిపాతతోనే తోలతారే పిచ్చిదానా. అసలే చలికాలం," అని సూదిలో దారం ఎక్కించింది.

గౌను అంచున నాలుగేసి వేళ్ళ వెడల్పున మూడు మడతలు వేసి కుట్టింది.

"ఇంత గుడ్డ దండగ చేశావేమే?" అంది దొరసాని.

"పిల్ల పెరుగుతుంది కదండీ దొరసానమ్మా."

లెటీ గౌను తొడుక్కుని గిర్రున తిరిగింది. "అమ్మా, నాకేనా? నిజంగా?" తమారక్క దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కుట్టు విప్పడం నేర్పింది.

"ఏటా క్రిస్మస్‌కి ఒక్క మడతే విప్పాలి. అన్నీ ఒకేసారి విప్పావో, కాళ్ళకు తట్టుకుని బోర్లా పడతావు."

"నువ్వు విప్పవా?"

"నీ పని నువ్వు నేర్చుకోవద్దూ?"

సోమవారం బండి వచ్చి తీసుకుపోయింది.

ఉత్తరాది వాళ్ళతో యుద్ధమంటూ ఈ ఏడు దొరలు ఒకటే కేకలు. దొర కొడుకులకు సిపాయి బట్టలు కుట్టమని మా గదిలో బూడిదరంగు గుడ్డ పడేశారు. లెటీ పోయాక ఇది మూడో క్రిస్మస్. ఆ పొద్దున తమారక్క ఆ గుడ్డ పక్కన పెట్టి ఏడ్చింది.

"మూడోది కూడా విప్పేసుంటుందే," అంది. "ఇక దానికి ఆ గౌను చాలదు."