మాస్టారి మోకాళ్లు

మా ఇంగ్లీషు మాస్టారికి మోకాళ్ల నొప్పులు. నూజివీడు దగ్గర మా ఊరి బళ్లో కుర్చీలో కూర్చునే పాఠం చెప్పేవారు. పెద్దాఫీసరు వచ్చినా బల్ల పట్టుకుని సగం లేచి, నమస్కారం పెట్టి కూలబడేవారు.

మా నాన్న కల్లు గీసేవాడు. ఓరోజు మామిడితోటల ఆసామి కొడుకు నన్ను చూసి "కల్లు కంపు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నా చేత బోర్డు మీద 'బీరేజ్' అని రాయించారు.

"ఇంగ్లండులో ప్రభువుల వర్గాన్ని పీరేజ్ అంటారు. బీరు కాచి పైకొచ్చినవాళ్లకి కూడా ఆ బిరుదులిచ్చేసరికి, ఓర్వలేనివాళ్లు బీరునీ పీరేజ్‌నీ అతికించి ఈ మాటతో వెక్కిరించారు. ఆ బీరు కాచినవాళ్లు మాత్రం దర్జాగా వెళ్లి ప్రభువుల సభలో కూర్చున్నారు" అన్నారు.

ఆ వారమే నా పరీక్ష ఫారం మీద సంతకానికి నాన్న తాడిచెట్టు దిగి, భుజాన మోకుతోనే బడికొచ్చి గుమ్మం బయట ఆగిపోయాడు.

మాస్టారు బల్ల మీద రెండు చేతులూ ఆనించి, నిటారుగా లేచారు. "లోపలికి రండి" అన్నారు. మాస్టారు నిలబడితే పిల్లలు కూర్చోకూడదు. ఆసామి కొడుకుతో సహా అందరూ లేచారు. నాన్న సంతకం పెట్టి వెళ్లేదాకా ఎవరూ కూర్చోలేదు.

ఇప్పుడు మైలవరంలో నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. నా మోకాళ్లూ పట్టేశాయి. నిన్న మా క్లాసులో ఒక పిల్ల వాళ్లమ్మ, మామిడితోటలో కాయల పని నుంచి సొన మరకల చేతులతో వచ్చి గుమ్మంలో ఆగింది.

"మీరు కూర్చోండి మేడమ్, పర్లేదండి" అంది.

నేను లేచాను. సగం కాదు.